మూతల పాఠం

ఇప్పుడు విజయనగరంలో ప్రతి ఇంటి గోడా పిల్లలకు పాఠం చెబుతుంది. ఎన్ని నిమిషాలు శ్రద్ధ పెట్టారో చూసి మార్కు వేసేదీ ఆ గోడే. పైడిరాజు కూతురు నైమిషకు నాలుగేళ్లు, ఆటిజం ఉంది. గోడ గొంతెత్తగానే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోయేది. నెల రోజులుగా మార్కు సున్నా. పిల్లను దూరంగా హాస్టల్లో చేర్చాలో వద్దో తేల్చడానికి ఆ ఉదయం పరిశీలకురాలు దమయంతి వచ్చింది.

"మేడమ్, ఈ గోడ గొంతొక్కటీ ఆపీండి. సూడ్డం ఆపక్కర్నేదు," అన్నాడు పైడిరాజు.

ఆమె ఆపింది. అతను నేల మీద మూడు రంగుల సీసాలు, వాటి మూతలు పెట్టి, ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి నైమిష మంచం కిందినుంచి వచ్చింది. ఎర్ర మూత అందిస్తే తిప్పి తిప్పి చూసి, ఎర్ర సీసాకు బిగించింది.

"ఎర్రది," అన్నాడు మెల్లగా. అంతకుమించి మాట్లాడలేదు. తర్వాత పచ్చది, ఆపైన నీలం.

"అయిపోనాది," అని చేతులు దులిపి చూపించాడు. పిల్లా దులుపుకుంది.

గోడ మీద నైమిష మార్కు వెలిగింది: నాలుగు నిమిషాలు.

"ఇన్నాళ్లూ ఇలా ఎందుకు చేయించలేదు?" అంది దమయంతి ఆశ్చర్యంగా.

"రోజూ పెరట్లో సేయిత్తానే ఉన్నానండి. అక్కడ గోడ సూడదు కదా!"

దమయంతి హాస్టల్ కాగితాన్ని సంతకం చేయకుండానే సంచిలో పెట్టేసుకుంది. "పిల్ల ఇక్కడే ఉంటుంది. గోడే మీ దగ్గర నేర్చుకోవాలి," అంది.

పైడిరాజు సీసాలు పక్కకు జరిపి, ఆ గోడకే చేరగిలబడ్డాడు. నైమిష వచ్చి, తనూ గోడకు ఆనుకుని అతని పక్కన కూర్చుంది.