గొంతు సంతకం

మా తమ్ముడు కోటిలింగం చేసిన ద్రోహం ఇది. వేలిముద్రలు పోయి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గొంతే సంతకమైంది. నా గొంతు పాతికేళ్ల కిందట నమోదు చేశారు. తర్వాత మిర్చి యార్డులో వేలంపాటలు అరిచి, కారం ఘాటుకు అది బొంగురుపోయింది. తమ్ముడిది అచ్చం అప్పటి నా గొంతే. నా పేరు చెప్పి పొలం అమ్మేసుకున్నాడు.

ఆఫీసుకు పరిగెత్తాం.

"ఈయన నాగభూషణం కాదంటోంది మిషను," అంది గుమాస్తా.

"మా ఆయనేనమ్మా. ముప్పై ఏళ్లుగా ఈ అరుపులు పడుతున్నదాన్ని, నాకు తెలీదా?" అంది మా ఆవిడ.

"నాకూ తెలుస్తోంది పిన్నీ. అది మనిషిని చూడదుగా, వింటుందంతే. బాబాయ్, పాతలా ఒక్కసారి మాట్లాడు."

మూడుసార్లు నా పేరు చెప్పాను. మూడోసారి దగ్గే వచ్చింది.

అలా పోయింది కాలువ కింద మాగాణి, ఎకరం ముప్పై రెండు సెంట్లు.