నూటికి నూరు

"మీ ఆయనకి ట్రైనింగులో నూటికి నూరు మార్కులమ్మా. ఆ బ్యాచ్‌లో ఆయనే ఫస్టు," అన్నాడు గని సేఫ్టీ ఆఫీసరు హిందీలో. అదేదో శుభవార్త అయినట్టు.

మహేంద్ర పెద్దకర్మ ఇంకా కాలేదు. త్రివేణి గోడకి ఆనుకుని నిలబడింది. ఈ రాయపూర్‌లోనే రైల్వేలో పనిచేసి రిటైరైన ఆమె మామగారు రామమూర్తి మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు.

బొగ్గు గనిలో పొగ కమ్మింది. మిగతావాళ్ళంతా నడుముకి కట్టుకున్న ఆక్సిజన్ డబ్బా మూత తీసి, గొట్టం నోట్లో పెట్టుకుని, ఆ గాలి పీలుస్తూ బయటపడ్డారు. అవి కొత్తరకం డబ్బాలు. ఎలా వాడాలో ఫోన్లోనే పాఠాలు చెప్పి, ఫోన్లోనే పరీక్ష పెట్టింది కంపెనీ. ఫస్టు వచ్చిన మహేంద్ర ఒక్కడే మూత తెరవకుండా పోయాడు.

"మూత... అసలు తియ్యనేలేదా సాబ్?" రామమూర్తి అడిగిందే మళ్ళీ అడిగాడు.

"నహీ బాబూజీ." ఆఫీసరు గొంతు తగ్గించి త్రివేణి వైపు తిరిగాడు. "ఘర్ మే కోయీ ఝగడా హువా థా?"

ఇంట్లో ఏదైనా గొడవ జరిగిందా అని. అన్నీ తెలిసినవాడు చెయ్యాల్సింది చెయ్యలేదంటే ఇక మిగిలింది ఒక్కటే అర్థం. ఆఫీసరు దాన్ని నోటితో అనలేదు, అంతే. రేపొచ్చి వాంగ్మూలం రాసుకుంటానని వెళ్ళిపోయాడు.

గొడవ జరిగింది. ఆఖరిసారి సెలవులో వచ్చినప్పుడే. గని కాలనీకి వచ్చెయ్యమన్నాడు మహేంద్ర. ఇక్కడ ఊరి పక్క సిల్తారా ఫ్యాక్టరీలో తన ఉద్యోగం వదిలి రానంది త్రివేణి. మాటా మాటా పెరిగింది. "అయితే అక్కడే ఉండిపోండి. ఇక్కడెవరూ మీకోసం ఏడవడం లేదు," అనేసింది.

ఆ సెలవంతా మహేంద్ర ముందుగదిలో, తండ్రి మంచం పక్కనే చాప వేసుకున్నాడు. తలుపు మూసే ఉండేది. లోపల్నుంచి పొద్దస్తమానం ట్రైనింగు వీడియోలో ఆడగొంతు: "సబ్ సే పహలే ఢక్కన్ ఖోలియే." అన్నిటికన్నా ముందు మూత తెరవండి. పెళ్ళాంతో మాట్లాడ్డానికి లేని తీరిక దీనికి మాత్రం ఉంది అనుకుంటూ వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేది త్రివేణి.

ఇప్పుడు ఆ గొంతు ఆమెని వదలడం లేదు. కుక్కర్ మూత తీస్తే వినిపిస్తుంది. కుళాయి తిప్పితే వినిపిస్తుంది. కళ్ళు మూసుకుంటే మహేంద్ర పొగలో కూర్చుని కనిపిస్తాడు. నడుము దగ్గర డబ్బా. చేతులు కట్టుకుని తనకేసే చూస్తుంటాడు. తలుపు ఇవతల విన్న తనకే పాఠమంతా కంఠతా వచ్చేసింది. ఎదురుగా కూర్చున్నవాడికి రాదా?

మామయ్యకీ నిద్ర లేదు. గోడకేసి తిరిగి పడుకుని అదే గొణుగుతాడు, "ఢక్కన్... ఢక్కన్..." అని. కొడుకుని పొట్టన పెట్టుకున్న కోడలితో ఒకే ఇంట్లో ఎలా ఉంటున్నాడో ఆయన. ఆ ముఖంలోకి చూడాలంటే త్రివేణికి భయం.

తెల్లారాక ఆయనకి టీ ఇచ్చి, అక్కడే నేలమీద కూలబడింది.

"మామయ్యా, ఆఫీసరొస్తే చెప్పేస్తాను. ఆయన కావాలనే మూత తియ్యలేదు. నేను ఉండిపొమ్మన్నానని ఉండిపోయారు. మీ అబ్బాయిని నేనే చంపుకున్నాను."

"అలాగనకమ్మా."

"మరెందుకు తియ్యలేదు? అంతా తెలుసుగా ఆయనకి! నూటికి నూరు వచ్చాయిగా!"

రామమూర్తి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నైట్ డ్యూటీలు చేసి చేసి వచ్చాడు, పోనీ పాపం పడుకోనీ అని, ఆ పాఠాలన్నీ విన్నదీ, పరీక్ష రాసిందీ నేనేనమ్మా."