ఆ టక్ టక్

శుక్రవారం సాయంత్రం నాలుగుంబావుకు కల్లూరులోని ఒక ఇంటర్నెట్ రేడియో ఆఫీసుకు ఒక ముసలాయన వచ్చి, పాటలోని టక్ టక్ ఏమైందని అడిగాడు.

అడగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నత్తి.

"ఆ ట… ట… టక్ టక్ యా… యాడ…"

"యాడ పాయ అంటావు, అంతేనా తాతా?" అన్నాడు గోపీ. ఆ ఆఫీసులో సౌండ్ పని అతనిది. "అది గోల. తీసేసినాం."

హేమావతి తల ఎత్తలేదు. ఒక ఫోను చెవి దగ్గరుంది, ఇంకొకటి చేతిలో మోగుతోంది.

ఆ రాత్రి పదింటికి ఆమె కార్యక్రమం మొదలు. పేరు 'నడిజాము'. పడుకునే ముందు వినడానికి రోజుకో ఆల్బమ్. నెల నుంచి ఆమె వాటినే ఏరుతోంది. పరీక్ష ఒక్కటే. బల్ల మీద తల పెట్టి, కళ్లు మూసుకుని వినాలి. కాలు కదిలితే ఆ ఆల్బమ్ పగటికి పోతుంది. కదలకపోతే రాత్రికి ఉంటుంది.

మొదటి రాత్రికి ఆమె ఏరుకున్నది పాతసామాన్ల బండిలో దొరికిన క్యాసెట్.

ఒక ఆడమనిషి పాడిన పాటలు. వాయిద్యాలు లేవు. క్యాసెట్ మీద పేరు లేదు. పాట అడుగున ఒకటే టక్ టక్. రికార్డర్ చక్రం అరిగి ఉంటుందని గోపీ తేల్చేశాడు. కంప్యూటర్లో దాన్ని చెరిపేశాడు.

అది విన్నాక హేమావతి లేచి గోపీ వీపు మీద ఒక్క చరుపు చరిచింది. "దొరికింది రా! ఇదే ఫస్టు!"

పేరే దొరకలేదు.

"పేరు చెప్పకుండా పాట వేస్తే ఎత్తుకొచ్చినట్టుంటాది," అందామె. ఆ పొద్దున, టక్ టక్ తీసేసిన పాటలో ఒక ముక్క జనంలోకి వదిలింది. 'ఈ గొంతు ఎవరిది? రాత్రి పదిలోపల చెప్పండి.'

అప్పటినుంచి ఫోన్లు.

"మా అత్త పాడింది మేడం," అన్నాడు రాజంపేట నుంచి ఒకాయన.

"మీ అత్తగారు ఏ పాటలు పాడతారండీ?"

"ఏది కావాలంటే అది పాడతాది. మమ్మల్ని టీవీలో చూపిస్తారా?"

"రేడియో అండీ మాది!"

గోపీ నవ్వాడు. ముసలాయన నిలబడే ఉన్నాడు.

"అది గో… గో…"

"గోలే తాతా. మేమూ అదే అంటాండాం గదా."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "ఒక… ఒకసారి… విని…"

"వినిపించు గోపీ, పోతాడు," అంది హేమావతి.

గోపీ అసలు క్యాసెట్ పెట్టాడు. ముసలాయన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

పాట మొదలైంది. టక్ టక్ మొదలైంది. ముసలాయన పాదాలు కదిలాయి. ఒకటి తొక్కితే ఒకటి లేస్తోంది. కుడిచెయ్యి గాలిలో దేన్నో పట్టుకుని లాగుతోంది.

"అక్కా, కాళ్లు చూడు, కాళ్లు!" గోపీ పగలబడి నవ్వాడు. "టక్ టక్ ఉంటే తాతనే ఎగిరిస్తాండాది. ఇంగ ఊరు నిద్రపోతాదా?"

హేమావతి చూసింది. ఆమె పరీక్ష ప్రకారం సందేహం లేదు.

"తీసేసి మంచి పని చేసినావు రా," అంది.

ముసలాయన కళ్లు తెరిచాడు. "అమ్మా, ఆ పా… పాట… పా…"

"పాట బాగుందంటావు. శానా సంతోషం తాతా."

ఫోను మోగింది. ఆమె ఒక్క గంతులో అందుకుంది. "హలో! పేరు తెలుసా? నిజంగానా? గోపీ, పెన్ను!"

అదీ ఉత్తదే.

ముసలాయన గుమ్మం దగ్గర ఆగాడు. అప్పుడు ఆయన వైపు ఎవరూ చూడడం లేదు. మాట తడబడకుండా వచ్చింది.

"రేతిరికి దాంతోనే పెట్టండమ్మా. లేకుంటే ఆయమ్మ ఒక్కతే అయిపోతాది."

ఆయన మెట్లు దిగిపోయాడు. కింద షేర్ ఆటో హారన్ కొట్టింది.

"ఏమంటాడు?" అంది హేమావతి.

"ఆయమ్మ ఒక్కతే అంట."

"ఒక్కతే!" ఆమె కుర్చీలోంచి లేచింది. "భలే మాట రా. పేరు దొరకలేదు గానీ మాట దొరికింది. పాటకు ముందు ఇదే చెప్తా."

పదింటికి చెప్పింది.

"పేరు తెలియని ఒక గాయని, ఒక్కతే కూర్చుని పాడుకున్న పాటలు. వినండి."

టక్ టక్ లేకుండా వేశారు. కడప నుంచి ఆదోని దాకా మెసేజ్‌లు వచ్చాయి. మళ్లీ వేయమన్నారు. రెండో వైపు కూడా వేయమన్నారు.

శనివారం పొద్దున హేమావతి అందరికీ మైసూర్‌పాక్ తెచ్చింది. గోపీ ఒక చెయ్యి తుడుచుకుని క్యాసెట్ రెండో వైపు పెట్టాడు. ఆ వైపు అంతకుముందు వాళ్లు చివరి దాకా వినలేదు.

ఆఖరి పాట సగంలో టక్ టక్ ఆగింది. ఆ వెంటనే పాట కూడా ఆగింది.

"ఏమయ్యా, మగ్గం ఆపితివే?" అంది పాడుతున్న గొంతు. "నువ్వు నేస్తాంటేనే గదా నాకు పాట వచ్చేది."

"దా… దా…" అన్నాడు ఒక మగమనిషి.

గోపీ చేతిలోని మైసూర్‌పాక్ చేతిలోనే ఉండిపోయింది. హేమావతి ఫోను మోగింది. ఆమె తీయలేదు.

టేపు తిరుగుతోంది. అందులోని ఆడమనిషి మాట అందించలేదు. అతను పూర్తి చేసేదాకా ఆగింది.

"దా… దారం తెగింది, ఈ… ఈరక్కా."