ఇంకొన్నాళ్లు ఆగండి మాస్టారూ

“ఇప్పుడు మాత్రం కొనకండి మాస్టారూ. జనవరిలో కొత్త విండోస్, విస్టా వత్తంది. దాంతో వచ్చే మోడల్ తీసుకుందురు గాని” అంది జాయ్స్, అద్దాల బీరువాలోంచి లాప్‌టాప్ తీసి బల్లమీద పెడుతూనే.

వెనకాల ప్రింటరు విప్పుకుని కూచున్న ఆమె అన్న ఇమ్మాన్యుయేల్ పళ్లు పటపట కొరికేడు. అనకాపల్లి మెయిన్ రోడ్డులో కంప్యూటర్ల కొట్టు పెట్టుకుని, కాళ్లదగ్గరికొచ్చిన బేరాన్ని జనవరికి తోసేసే చెల్లెలు ఎవరికైనా ఉంటుందా? ఆ ఒక్క లాప్‌టాప్‌కీ రోజూ దుమ్ము దులపలేక అతని చేతులు పడిపోతున్నాయి.

జాకబ్ మాత్రం బుద్ధిమంతుడిలా తలూపేడు. అతను కశింకోట హైస్కూల్లో లెక్కల మాస్టారు. శనివారం బడి వదలగానే షేర్ ఆటో ఎక్కి వచ్చేస్తాడు. అయితే ఆగుదామంటారా అని అడుగుతాడు. ఆగితేనే మంచిదంటుంది ఆమె. వచ్చే శనివారం కనుక్కుంటానని వెళ్లిపోతాడు. ఇదే తంతు.

మొదటిసారి ఆమె చెప్పింది నిజమే. అది రెండువేల ఆరు, ఈస్టరు వెళ్లిన వారం. రెండు కోర్ల ప్రాసెసర్లలో కొత్త తరం రాబోతోందని కంప్యూటర్ పత్రికలన్నీ ఊదరగొడుతున్నాయి. కష్టపడి సంపాదించుకున్న మనిషిని మోసం చెయ్యకూడదని ఆగమంది. జాకబ్ ఆగేడు. ఆగినవాడు ఇంట్లో కూచోవచ్చు కదా, వచ్చిందేమో కనుక్కుందామని వారం వారం రావడం మొదలెట్టేడు. జాయ్స్‌కి శనివారాలు అలవాటైపోయేయి.

వానలు పడుతుండగా ఆ కొత్త తరం రానే వచ్చింది. అప్పటికి ఆమె మనసు ఆమె చెప్పుచేతల్లో లేదు. కొనేస్తే మనిషి మరి రాడు కదా! అందుకని దీనికంటే మంచిది వస్తోందంది. ఆ తర్వాత విస్టా అంది. సండే స్కూల్లో అబద్ధమాడకూడదని పిల్లలకి పాఠం చెప్పే మనిషి, శనివారం అబద్ధమాడి ఆదివారం గుళ్లో తల దించుకుని కూచునేది.

ఇంత చేస్తే ఆ మహానుభావుడికేమైనా అర్థమయిందా అంటే, అబ్బే! ఒళ్లో పెట్టుకుంటే అడుగు ఎందుకు కాలిపోతోంది, బ్యాటరీ రాన్రానూ ఎందుకు తొందరగా అయిపోతోంది, మూత తీసేటప్పుడు కిర్రుమంటే ఏం చెయ్యాలి... వాడి వాడి విసిగిపోయినవాడిలా ఆరా తీస్తాడే గానీ, మీరు భోంచేసేరా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆమె కొత్త చీర కట్టుకున్న రోజు కూడా స్క్రీన్ సైజు గురించే మాట్లాడేడు. ఆ రోజు జాయ్స్‌కి లాప్‌టాప్ ఎత్తి అతని నెత్తిన పడెయ్యాలనిపించింది.

విస్టా దాకా ఆగమన్న శనివారం జాకబ్ అలా వెళ్లగానే ఇమ్మాన్యుయేల్ ఇలా లేచేడు. పాయకరావుపేట సంబంధం వాళ్లు వచ్చే ఆదివారం ఆరాధన అవగానే వస్తారని, కుర్రాడు బ్యాంకులో పని చేస్తున్నాడని, ఈసారి వంకలు పెడితే కుదరదని చెప్పేడు. అంతలోనే గొంతు తగ్గించేడు.

“నీ మనసులో ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పియ్యే. పాస్టరు గారితో నేను మాటాడతాను. వాళ్లకి మాటిచ్చేక మాత్రం నన్నేటీ అడక్కు.”

జాయ్స్ ఏమని చెబుతుంది? పేరు చెబితే, అతని మనసులో ఏముందని అన్న అడుగుతాడు. అతని మనసులో బ్యాటరీ ఉంది. ఎవరూ లేరనేసింది.

వారమంతా ఆమెకి అతని మీద కోపం, అంతకు రెట్టింపు తన మీద. పెళ్లీడుకొచ్చిన మనిషి, చదువుకున్న మనిషి, ఒక మాట పైకి అనలేక ప్రాసెసర్ల పేర్లు చెప్పుకుంటూ బతకడమేమిటి? ఇక చాలు, ఈ లాప్‌టాప్ అమ్మేసి వదిలించుకోవాలనుకుంది. అతనికి అది, తనకి పాయకరావుపేట.

శనివారం జాకబ్ గొడుగున్నా సగం తడిసి వచ్చేడు. కొత్త కబురేమైనా ఉందా అనడిగేడు.

“ఏటీ లేదు. ఇదే తీసేసుకోండి.”

జాకబ్ తెల్లబోయేడు. “విస్టా వచ్చేదాకా ఆగమన్నారు కదండి?”

అన్నాను, ఇప్పుడు ఆగొద్దంటున్నాను, అంది ఆమె. జనవరి ఎంతో దూరం లేదని, తనకేం తొందర లేదని, ఆ తర్వాత మరోటి వస్తే అదీ చూడొచ్చని అతను నసుగుతూ ఉంటే జాయ్స్‌కి ఒళ్లు మండిపోయింది.

“ఎన్నాళ్లు ఆగుతారండి? ఆగేకొద్దీ ఇంకోటి వత్తానే ఉంటాది. ఆగినోళ్లకి ఎదురుగా ఉన్నది కూడా చెయ్యి జారిపోతాది. రేపు నన్ను చూసుకోడానికి పాయకరావుపేట నించి వత్తన్నారు. కుదిరిపోతే మరి ఈ కొట్లో నేనుండను, మిమ్మల్ని ఆగమని చెప్పేవాళ్లూ ఉండరు.”

అనకూడనిది అనేసిందని తెలిసి ఆమె చెవులు వేడెక్కేయి. వెనకాల స్క్రూడ్రైవరు చప్పుడు ఆగిపోయింది. ఏం చెయ్యాలో తోచక బిల్లు పుస్తకం ముందుకు లాక్కుని, ఏ పేరు మీద రాయమంటారని కసిరింది.

జాకబ్ పేరు చెప్పలేదు. ఇన్నాళ్లకి లాప్‌టాప్ వైపు కాక ఆమె వైపు చూసేడు. గొంతు సవరించుకుని, ఇమ్మాన్యుయేల్‌కి కూడా వినబడేలా చెప్పేడు.

“లాప్‌టాప్ నేను పోయిన క్రిస్మస్‌కే, ఈ కొట్టు గడప తొక్కకముందే కొనేసేనండి.”