అమ్మ ముద్ద

బడి ఈడు రాని పిల్లలున్న ప్రతి ఇంటికీ అంగన్‌వాడీ వాళ్లు మాట్లాడే కంచం ఇచ్చారు. కూరా అన్నం కలిపి పెడితే చాలు, ఇది తాత ముద్ద, ఇది నాన్న ముద్ద అంటూ అదే తినిపిస్తుంది. ఇంట్లోవాళ్ల పేర్లు దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రేషన్ కార్డులో ఎవరుంటే వాళ్లే.

నూకరాజు కూతురు హర్షిణి తోటకూర చూస్తే మొహం తిప్పుకునేది. చివర్న వచ్చే అమ్మ ముద్ద కోసం మిగిలినవన్నీ తినేది. తల్లి ఈశ్వరి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అలాగే తింది. ఈశ్వరి పోయిన సంగతి నూకరాజు కూతురికి ఇంకా చెప్పలేదు. ఊరి సచివాలయంలో మాత్రం నిన్ననే రాయించి వచ్చాడు.

ఈ మధ్యాహ్నం కంచం తాత ముద్ద చెప్పింది, నాన్న ముద్ద చెప్పింది. "అయిపోయింది బంగారం, చెయ్యి కడుక్కో" అంది.

కంచంలో ఇంకో ముద్ద మిగిలే ఉంది.

"నాన్నా, అమ్మ ముద్దేదీ?"

"మర్చిపోయుంటాది తల్లీ. ఇదిగో, ఇదే అమ్మ ముద్ద."

హర్షిణి పెదవులు బిగించింది. కంచాన్ని రెండు చేతులా పట్టుకుని, "అమ్మ ముద్ద చెప్పు" అంది. కంచం పలకలేదు.

"నేను చెప్తన్నాను కదమ్మా."

"నువ్వు చెప్తే కాదు. అది చెప్పాల."

పారేయడానికి చేతులు రాక నూకరాజు ఆ ముద్ద తన నోట్లో పెట్టుకున్నాడు.

"అమ్మది నువ్వెందుకు తినేస్తన్నావు?" అంటూ హర్షిణి ఏడుపు అందుకుంది.