గిన్నె మీద శాలువా

ఆదిలాబాద్‌లో ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ పెరుగు గిన్నె పక్కన ఒక మందుగిన్నె ఉంటుంది. సుకృత ఇంటి గిన్నెలోని బ్యాక్టీరియా, ఆమె కూతురు నిహిర కాలేయానికి చేతకాని ఎంజైమును తయారుచేస్తుంది. అది లేకుండా తింటే ఆ పిల్లకు పప్పు విషమే. పొద్దున్నే గిన్నెలోని చుక్క వేసిన కాగితం నీలంగా మారితే పప్పన్నం, మారకపోతే సగ్గుబియ్యం జావ.

ఈ వారమంతా జావే. పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చి వేసినా కాగితం తెల్లగానే ఉంది.

ఇవాళ సుకృత అత్తగారికన్నా ముందే లేచింది. గిన్నె చుట్టూ ఉన్ని శాలువా చుట్టి ఉంది. అది అత్తగారు వర్ధనమ్మది. ఆమె మాత్రం చీర కొంగు కప్పుకుని ముడుచుకుని పడుకుంది.

“ఇదేంది అత్తమ్మా?”

“ఈ చలికి పెరుగే తోడుకుంటలేదని వారం సంది రోజు రాత్రి కప్పుతున్న. ఇవి గూడ పానాలే గద బిడ్డా.”

“వీటికి చల్లగుంటెనే మంచిది. వెచ్చగుంటే తొందరపడి చేస్తయి, మందంత ముద్దలు కడ్తది. అది పనిచెయ్యదు.”

సుకృత శాలువా విప్పి అత్తగారికి కప్పింది.

మర్నాడు కాగితం నీలమైంది. నిహిర నెయ్యి వేసిన పప్పన్నం తింటుంటే, వర్ధనమ్మ గిన్నెను చలిగాలి తగిలే కిటికీలో పెట్టి దానిమీదికి వంగింది.

“జర ఓర్చుకోర్రి బిడ్డలారా. పొల్ల ఇంకో ముద్ద అడుగుతున్నది.”