తోడు మనిషి

“ఈ ఒక్కటీ కొట్టేస్తున్నాం” అంది కార్పొరేషన్ తరఫున చర్చలకు కూర్చున్న అధికారిణి. ఖర్చు ఎక్కడ కనిపిస్తే అక్కడ కోసేస్తుందని అందరూ ఆమెను చాటుగా కత్తెర మేడమ్ అంటారు. “ఒంటరిగా ఉండే రిటైరైన ఉద్యోగి ఆస్పత్రిలో చేరితే పక్కన తోడు మనిషిని పెట్టే ఖర్చు కొత్త బీమాలో ఉండదు.”

రిటైరైనవాళ్ల తరఫున వచ్చిన ఫిట్టర్ బల్ల మీద చరిచాడు. ఉద్యోగమంతా నగరం నీటిగొట్టాలు బిగించిన చెయ్యి అది. టీ కప్పులన్నీ ఎగిరిపడ్డాయి.

“అదెలా కుదురుతుంది మేడమ్? ఆపరేషనై మత్తులో పడున్నవాడికి గుక్కెడు నీళ్లిచ్చేదెవరు?”

“ఇంట్లోవాళ్లు.”

“ఇంట్లో ఎవరూ లేనివాళ్లకి?”

“అలాంటివాళ్లెక్కడున్నారండీ? కొడుకో కూతురో, అన్నో తమ్ముడో, అందరికీ ఎవరో ఒకరుంటారు. ఇన్నేళ్లలో ఈ ఖర్చు ఇమ్మని అడిగినవాళ్లే లేరు.”

ఉద్యోగంలో ఉన్నవాళ్ల తరఫున వచ్చిన చెత్తలారీ డ్రైవర్ ఫిట్టర్ చెవిలో గొణిగాడు. “వదిలెయ్ బాబాయ్. కళ్లద్దాలకి ఒప్పుకున్నారు, పళ్లకి ఒప్పుకున్నారు. దీనికోసం పీటల మీద పెళ్లి ఆపుతావా?”

“నువ్వూరుకోరా” అన్నాడు ఫిట్టర్. “ఉన్నారు మేడమ్. బోలెడుమంది ఉన్నారు.”

“బోలెడుమంది అక్కర్లేదు. ఒక్కరంటే ఒక్కరిని రేపు ఇక్కడికి తీసుకురండి. నాకెవరూ లేరని అందరి ముందూ నోటితో చెప్పమనండి. ఆ ఖర్చు అలాగే ఉంచేస్తాను. లేదంటే రేపే సంతకాలు.”

పని ఇంత తేలిగ్గా అయిపోతుందని ఫిట్టర్ అనుకోలేదు. గెలిచేసినట్టే మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

సాయంత్రం ముందుగా వీధిదీపాల లైన్‌మన్ ఇంటికి వెళ్లాడు. భార్య పోయినప్పటి నుంచి లైన్‌మన్ ఒంటరి పక్షి. గుమ్మం ముందు మాత్రం మూడు జతల చెప్పులున్నాయి. రెండు జతల మీద దుమ్ము పేరుకుపోయింది. సంగతి వినగానే లైన్‌మన్ మొహం మాడ్చుకున్నాడు.

“నాకెవరూ లేకపోవడమేంట్రా? ఇల్లంతా జనమే. నువ్వొచ్చే ముందే అలా బయటికెళ్లారు.”

కార్పొరేషన్ బడిలో ఆయాగా చేసి రిటైరైనామె తలుపు సగమే తెరిచింది. “నాకేం తక్కువ అన్నయ్యా? నేను ముక్కులు తుడిచి పెంచిన పిల్లలు వీధికొకరున్నారు. ఒక్క కేకేస్తే పరిగెత్తుకొస్తారు” అంది. సరేనని అతను వెనుదిరిగితే టీ తాగి వెళ్లమంది. తాగాక, ఇంకో కప్పు పోస్తాను ఉండమంది.

పన్నుల గుమస్తా ఇతన్ని చూడగానే ఫోను చెవికి ఆనించుకుని, “సరేనమ్మా, మందులు వేసుకుంటాలే, నువ్వు బెంగపెట్టుకోకు” అంటూ కూర్చోమని సైగ చేశాడు. అలా మాట్లాడుతూ ఉండగానే చేతిలోని ఆ ఫోను మోగింది. ఏదో కంపెనీ ప్రకటన. ఇద్దరూ నేల చూపులు చూశారు. ఫిట్టర్ వచ్చిన పని చెప్పకుండానే లేచి వచ్చేశాడు.

అతనికి వాళ్ల మీద కోపం రాలేదు. తను మాత్రం తక్కువ తిన్నాడా? రోజూ తాళం తీసి లోపలికి అడుగు పెడుతూ “ఇదిగో, వచ్చేశా” అని గట్టిగా అంటాడు, పక్కవాటావాళ్లకు వినపడాలని. ఒంటరిగా బతకడం ఒక ఎత్తు, ఆ సంగతి నలుగురికీ తెలియడం ఒక ఎత్తు. తెలిస్తే జాలిపడతారు. జాలిపడినవాళ్లు వీధిలో కనిపించినా ఆగి మాట్లాడరు. ఆ సాయంత్రం అతను ఏమీ అనకుండానే ఇంట్లోకి వెళ్లాడు. లోపల మరీ నిశ్శబ్దంగా ఉంది, ఏడుపొచ్చినంత పనైంది.

ఎవరూ రాకపోతే పోనీ, రేపు తనే చెప్పేస్తాడు. ఉన్నమాటేగా, ఇందులో సిగ్గేముంది అనుకున్నాడు.

మర్నాడు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు.

“ఏరీ మీవాళ్లు?” అంది కత్తెర మేడమ్.

ఫిట్టర్ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. దారిపొడవునా వల్లెవేసుకొచ్చిన మాట నాలుక చివరే ఉంది. డ్రైవర్ అతని మొహంలోకి చూస్తున్నాడు. కంప్యూటర్ ముందున్న టైపిస్టు కూడా చూస్తున్నాడు.

“మా చెల్లెలి కొడుకు... వారం వారం ఫోన్ చేస్తాడండీ” అన్నాడు ఫిట్టర్.

ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. అతను మెల్లగా కూర్చున్నాడు. చెవులు భగ్గుమన్నాయి. ఉన్నమాట చెప్పడానికి తన నోరు పెగలకపోవడం వల్ల ఇక మీదట లైన్‌మన్, ఆయా, గుమస్తా, తను, అందరూ ఆస్పత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవాల్సిందే.

“అయితే ఎవరూ రాలేదన్నమాట” అంది ఆమె.

“కొట్టేయమంటారా మేడమ్?” అడిగాడు టైపిస్టు.

ఆమె తల దించుకున్న ఫిట్టర్ వైపే చాలాసేపు చూసింది. టైపిస్టు మళ్లీ అడిగాడు.

“వద్దు, ఉంచు” అంది. “ఒకరున్నారు.”

“ఎవరు మేడమ్? పేరు రాయాలి కదా.”

“నా పేరే రాయి” అంది కత్తెర మేడమ్. “పై నెలలో రిటైరవుతున్నాను. నాకెవరూ లేరు.”